పదకొండో అంతస్తు ఎర్ర తువ్వాలు

మంగళవారం పొద్దున్నే దాసొమ్ మూడు తువ్వాళ్లు ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి బాల్కనీ తలుపు పక్కన సిద్ధంగా ఉంచుకుంది. తెల్లది ఆరేస్తే పిల్లవాడు కులాసా. పసుపుది ఆరేస్తే ఒళ్లు వెచ్చబడింది. ఎర్రది ఆరేస్తే శుభవార్త. ఆ శుభవార్త కోసమే ఇల్లంతా నాలుగు రోజులుగా కాచుకుని ఉంది. వచ్చే సోమవారం పిల్లవాడు యూల్‌కు పుట్టిన నూరో రోజు పండగ, వాడేమో నాలుగు రోజులుగా దొడ్డికి వెళ్లలేదు. "తల్లిపాలు తాగే పిల్లలు వారం వరకూ వెళ్లకపోవచ్చు, కంగారు పడకండి" అన్నాడు డాక్టరు. కంగారు పడకండి అనే మాట వింటే చాలు, దాసొమ్‌కు అప్పటిదాకా లేని కంగారు కూడా పుట్టుకొస్తుంది.

"అంత దూరం నుంచి నీకు కనిపిస్తుందా అసలు?" అంది మొగుడితో.

"మన బాల్కనీలోంచి మైదానం కనిపిస్తున్నప్పుడు, మైదానంలోంచి మన బాల్కనీ కనిపించదా?" అన్నాడు గొన్హో బూట్ల తాళ్లు బిగిస్తూ. "పోనీ ఫోన్ చేద్దువుగాని అందామంటే, మ్యాచ్ మొదలవ్వకముందే మా ఫోన్లన్నీ పెట్టెలో వేసి తాళం పెడతారు. లీగ్ రూలు."

గొన్హో సన్‌పో క్రాబ్స్ బేస్‌బాల్ జట్టులో మనిషే గాని, ఏనాడూ మ్యాచ్ ఆడలేదు. మైదానం వార నిలబడి, తమ వంతు కోసం చూసే పిచర్లు ఒళ్లు వేడెక్కడానికి విసిరే బంతులు పట్టడం అతని పని. ఆ పనికి కాగితం ఏడాదికోసారి రాస్తారు. ఈ ఏడాది రాస్తారో లేదో నెలాఖరుకు తెలుస్తుంది. కొడుకు పుట్టిన ఏడే ఉద్యోగం ఊడితే ఎలా అని దాసొమ్‌కు అదొక బెంగ. ఆమె బెంగల జాబితాలో అది రెండోది. మొదటిది డైపర్‌లో ఉండాల్సింది, లేకుండా పోయింది.

ఆ సాయంత్రం మ్యాచ్ సగంలో యూల్ ముఖం ఎర్రబడింది. పిడికిళ్లు బిగించాడు. తర్వాత ఇల్లంతా తెలిసిపోయింది. దాసొమ్ ఆనందం పట్టలేక ఎర్ర తువ్వాలు బాల్కనీ కడ్డీ మీద జెండాలా విదిలించి పరిచింది. కింద, చీమంత గొన్హో ఎగిరి గంతేసి పక్కనున్న పిచర్‌ను కౌగిలించుకోవడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. మరుక్షణం క్రాబ్స్ బ్యాటర్ కొట్టిన బంతి గోడ దాటి అపార్ట్‌మెంటు ముందు పడింది. హోమ్ రన్!

పదో అంతస్తులో ఉండే పాంగ్ బామ్మ క్రాబ్స్‌కు వీరాభిమాని. ఆమె పై అంతస్తు తువ్వాలునూ చూసింది, కింద పడ్డ బంతినీ చూసింది. మర్నాడు యూల్ నాలుగు రోజుల బాకీ తీర్చేవాడిలా రెండుసార్లు కానిచ్చాడు. రెండుసార్లు ఎర్ర తువ్వాలు వేలాడింది. రెండుసార్లూ హోమ్ రన్. బామ్మకు ఇక అనుమానం లేదు.

"యూల్ అమ్మా, ఆ ఎర్ర గుడ్డ ఎక్కడ కొన్నావే?" అంది లిఫ్టులో.

"సంతలో, బామ్మగారూ."

"సంతలో దొరికే సరుకు కాదులే అది! దాని మహిమ నాకు తెలుసు."

గురువారం సాయంత్రానికి ఎర్రది ఆరేస్తే హోమ్ రన్ ఖాయమని అపార్ట్‌మెంటు వాళ్ల ఫోన్లన్నిటికీ బామ్మ సందేశం వెళ్లిపోయింది. పదిహేను అంతస్తుల బాల్కనీల్లోనూ ఎరుపే ఎరుపు. దుప్పట్లు, గొడుగులు, కిమ్చీ పచ్చడి కలిపేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు. పాంగ్ బామ్మ అయితే, కొడుకు మొదటి జీతంతో కొనిపెట్టిన ఎర్ర చలికాలపు లోదుస్తులు కాళ్లూ చేతులూ చాపి మరీ ఆరేసింది. వాటి మధ్య పదకొండో అంతస్తులో దాసొమ్ తెల్ల తువ్వాలు ఎవరికీ ఆనలేదు.

మైదానంలోంచి గొన్హో తల ఎత్తి చూశాడు. నిలువెత్తు భవనం నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉంది. ఒక ఎరుపంటే ఒకసారి. మరి నూటపాతిక ఎరుపులంటే?

"బిడ్డ! నా బిడ్డకేదో అయింది!" అని అరిచి, ఛాతీ కవచంతో, మొహాన జాలీతో సహా కంచె దూకాడు. పోటీ మధ్యలో, పాతికవేల మంది చూస్తుండగా, రోడ్డు దాటి, పదకొండు అంతస్తుల మెట్లూ ఎక్కి తలుపు బాదాడు. యూల్ హాయిగా నిద్రపోతున్నాడు. తలుపు చప్పుడుకు లేచి ఏడుపందుకున్నాడు.

"ఇప్పుడే నిద్రపుచ్చాను! మ్యాచ్ వదిలేసి ఎందుకొచ్చావు?" అని నెత్తి బాదుకుంది దాసొమ్.

అవతలి జట్టు చొంగ్రిమ్ ఫాల్కన్స్ కోచ్ అప్పటికే అంపైర్ల దగ్గర గంతులేస్తున్నాడు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్, ఏ రకం బంతి వేయాలో పిచర్‌కు వేళ్లతో రహస్యంగా చెబుతాడు. ఆ వేళ్లను దొంగతనంగా చూసి బ్యాటర్‌కు చేరవేయడం కంటే పెద్ద పాపం బేస్‌బాల్‌లో లేదు. "క్యాచర్‌కు సరిగ్గా ఎదురుగా ఉంది ఆ బాల్కనీ! అక్కడొక ఆడమనిషి దుర్భిణితో మా వేళ్లు చూసి తువ్వాళ్లతో చెబుతోంది! ఇవాళ ఇన్ని ఎరుపులు చూసి వాళ్ల మనిషి లెక్క తప్పి స్వయంగా పరిగెత్తాడు!" అని అరిచాడు కోచ్.

తెల్లారేసరికి పేపర్ల నిండా దాసొమ్ బాల్కనీయే. క్రాబ్స్ మేనేజర్ గొన్హోను పిలిచి, "నువ్వే తప్పుకుంటే జట్టు బతుకుతుంది. ఆలోచించు" అన్నాడు మెల్లగా. శనివారం పొద్దున లీగ్ విచారణ. దాసొమ్ పిల్లవాణ్ణి వీపుకు కట్టుకుని, డైపర్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లింది. చదువు మధ్యలో మానేసిన తనను సూట్లు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు ఏమడుగుతారో అని గది బయట డైపర్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. బల్ల మీద ఆమె తువ్వాళ్లు మూడూ ప్లాస్టిక్ సంచుల్లో సీలు వేసి ఉన్నాయి.

"తెలుపంటే?" అన్నారు ఛైర్మన్ హ్వాంగ్ గారు.

"బాగున్నాడని, అయ్యగారూ."

"పసుపంటే?"

"జ్వరమని."

"ఎరుపంటే?"

దాసొమ్ తల దించుకుంది. "దొడ్డికెళ్లాడని."

గుమాస్తా కలం ఆపాడు. "ఇది సంకేత పదమాండీ?"

"కాదండీ. దొడ్డే."

ఫాల్కన్స్ తరఫున వచ్చిన తక్ అనే మనిషి నవ్వాడు. "మూడు ఎరుపులు, మూడు హోమ్ రన్లు! పసివాడు బ్యాటింగ్ చూసుకుని మరీ వెళ్తున్నాడా? ఇదిగో, వీడియో." తెర మీద పదకొండో అంతస్తు ఇంత పెద్దగా కనిపించింది. దాసొమ్, ఎర్ర తువ్వాలు, ఆమె భుజం మీద యూల్. పన్నెండు క్షణాలు ఆడించి తక్ ఆపబోయాడు.

"ఆపకండి!" దాసొమ్ భయం మరిచి లేచి నిలబడింది. "వాడు తుమ్మాడు! ఆ రోజు నేను చూసుకోలేదు. ఒకసారేనా, ఇంకా తుమ్మాడా? పడిశం పడుతుందేమో, చూడనివ్వండి."

"తర్వాత ఏమీ లేదండీ" అన్నాడు తక్ తొందరగా.

"ఏమీ లేకపోతే ఆడనివ్వవయ్యా, తల్లి అడుగుతోంది కదా" అన్నారు ముగ్గురు మనవల తాతగారైన ఛైర్మన్.

వీడియో ఆడింది. యూల్ మళ్లీ తుమ్మలేదు. కెమెరా బాల్కనీ వదిలి మెల్లగా కిందికి దిగింది, వెనక్కి తిరిగింది, గోడ దాటింది, మైదానం దాటింది, క్రాబ్స్ క్యాచర్ తొడల మధ్య ఆగింది. తెర నిండా అతని వేళ్లే. వెనక నుంచి తక్ గొంతే వినిపించింది: "రెండు వేళ్లు. వంపు బంతి. ఫోన్‌లో చెప్పేయ్, త్వరగా!"

గదిలో ఎవరూ కదల్లేదు, యూల్ తప్ప. వాడి ముఖం ఎర్రబడింది. పిడికిళ్లు బిగించాడు. కాసేపట్లో అందరికీ తెలిసిపోయింది. దాసొమ్ సంచీ వెతికింది. తుడవడానికి గుడ్డ తేలేదు.

"అయ్యగారూ, ఆ సాక్ష్యం ఒకసారి ఇస్తారా?"

ఛైర్మన్ గారు తన చేత్తోనే సీలు చింపి ఎర్ర తువ్వాలు అందించారు. ముక్కు మూసుకుంటూ గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో. సాక్షి మాట రుజువైంది" అన్నారు.

ఫాల్కన్స్ కోచ్‌నూ తక్‌నూ ఏడాది పాటు మైదానం గడప తొక్కనివ్వలేదు. పోటీ మధ్యలో ఇంటికి పరిగెత్తినందుకు గొన్హోకు ఒక మందలింపు కాగితం వచ్చింది. దానితో పాటే రెండేళ్లకు ఉద్యోగ కాగితమూ వచ్చింది. కంచె దూకిన తండ్రిని తీసేస్తే మైదానంలోకి అడుగు పెట్టబోమని పాతికవేల మంది అభిమానులు క్లబ్బుకు గట్టిగా చెప్పారట. వాళ్ల తరఫున చెప్పింది పాంగ్ బామ్మే. సోమవారం నూరో రోజు పండగకు అపార్ట్‌మెంటంతా తరలివచ్చింది. ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బియ్యపు రొట్టెలు మూడో అంతస్తు దాకా పంచితే అయిపోయాయి, మళ్లీ వండారు. పాంగ్ బామ్మ ఎర్ర లోదుస్తుల మీదే పండగ కోటు వేసుకొచ్చింది.

లీగ్ వాళ్లు రూళ్ల పుస్తకంలో ఒక వాక్యం చేర్చారు: మైదానంలో ఉన్న తండ్రికి పసిబిడ్డ కబురు ఏదైనా ఉంటే, ఇకమీదట అంపైర్ ద్వారానే పంపాలి. మంగళవారం మ్యాచ్ మధ్యలో పెద్ద అంపైర్ ఆట ఆపాడు. చెవిలో యంత్రం సర్దుకుని, విన్నదంతా విని, మైకు అందుకుని, కొట్టిన బంతి హోమ్ రన్ అవునో కాదో చెప్పే గొంతుతోనే, "క్రాబ్స్ గొన్హో గారి కుమారుడు యూల్, ఇప్పుడే, సుఖంగా" అని ప్రకటించాడు. పాతికవేల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అవతలి జట్టు ఆ నిర్ణయం మీద అప్పీలు చేయలేదు.