ఆధారం లేని మొసలి

శనివారం ఉదయం తొమ్మిదింటికి మొసలితో ఆడుకోవాలని ఆధారం ముందురోజే డైరీలో రాసుకున్నాడు. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా మొసలి, తర్వాత బొమ్మల పుస్తకం, పదింటికి బట్టల ఇస్త్రీ.

ఆధారం అతని అసలు పేరు కాదు. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించడం అతని ఉద్యోగం. ఏదో పోయిందని ఎవరొచ్చినా, వాళ్ళు కుర్చీలో సర్దుకునేలోపే "ఆధారం ఏదీ?" అనేవాడు. పదకొండేళ్ళు అదే మాట అనీ అనీ ఆఫీసులో ఆ పేరే స్థిరపడిపోయింది. కోపం వచ్చినప్పుడు ఇంట్లో భార్య కూడా అదే పేరుతో పిలుస్తుంది.

ఇక మొసలి సంగతి. అది చేతికి తొడుక్కుని ఆడించే గుడ్డబొమ్మ, బాలబడి వాళ్ళది. ఆధారం కూతురు చిట్టికి నాలుగేళ్ళు. బాలబడిలో చేరి మూడు నెలలైనా అక్కడ పెదవి విప్పలేదు. ఇంట్లో కూడా "ఊఁ", "ఉహూఁ"లతోనే రోజులు నెట్టుకొస్తోంది. డాక్టరు చెవులూ గొంతూ చూసి అంతా సవ్యంగానే ఉందన్నాడు. టీచరు మాత్రం శుక్రవారం సాయంత్రం ఒక గుడ్డసంచీ చేతిలో పెట్టింది.

"ఇందులో మొసలి మావయ్య ఉన్నాడండీ. రెండు రోజులు మీ ఇంట్లో చుట్టంలా ఉంటాడు. ఇంటిల్లిపాదీ పాపతో కలిసి ఆడుకోండి. ఏదైనా అడిగితే జవాబు మీరే చెప్పేయకండి. మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆగండి. తను ఏమన్నా ఈ నోటుబుక్కులో రాయండి. సోమవారం మావయ్య కబుర్లు పాపే మాకు చెప్పాలి."

సంచీకి ఒక చీటీ కట్టి ఉంది. మొసలి ఒకటి, బొమ్మల పుస్తకం ఒకటి, నోటుబుక్కు ఒకటి, సరిచూసి తీసుకున్నాను. ఆ వాక్యం కింద ఆధారం సంతకం చేసి ఇచ్చాడు.

శనివారం తొమ్మిదింటికి సంచీ తెరిస్తే పుస్తకం ఉంది, నోటుబుక్కు ఉంది. మొసలి లేదు.

"సంచీ ఎలా తెచ్చారు?" అని అడిగింది భార్య. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఎదుటివాళ్ళ లోపల ఏముందో ఇట్టే పట్టేస్తుంది.

"స్కూటరు కొక్కేనికి తగిలించాను."

"మూతి బిగించారా?"

ఆధారం గోడ గడియారం వైపు చూశాడు.

"అయితే దారిలో ఎక్కడో జారిపోయుంటుంది. ఉన్నమాట టీచరుగారికి చెప్పేయండి, తెరిచేసరికి లేదని."

"తెరిచేసరికి లేదన్నవాళ్ళ మాట నేనెప్పుడైనా నమ్మానా? పైగా సరిచూసుకున్నానని సంతకం కూడా పెట్టాను. చూడకుండా పెట్టానని ఏ మొహంతో చెప్పను?"

అసలు బాధ అది కాదు. సోమవారం పిల్లలందరి ముందూ చిట్టి నిలబడాలి. చెప్పడానికి మొసలి లేకపోతే పిల్ల మళ్ళీ "ఉహూఁ" అని కూర్చుంటుంది.

ఇంటి నుంచి బాలబడి దాకా వీధి వీధీ, కాలవ గట్టు గట్టూ వెతికాడు. బొమ్మల దుకాణంలో మొసలి లేదు. ఏనుగుంది, సింహముంది, రెండు తలల రాక్షసుడున్నాడు. అతను ఉత్తచేతులతో వచ్చేసరికి అత్తగారు పాత ఆకుపచ్చ కర్టెను కత్తిరించి కూర్చుంది.

"మీరేం కంగారుపడకండి అల్లుడుగారూ! మొసలెంత, గంటలో కుట్టిపారేస్తాను."

గంటలో కుట్టేసింది కూడా. బీరకాయకి గుండీలు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. దాన్ని చేతికి తొడుక్కుని ఆధారం గొంతు మార్చి, "చిట్టీ! నేనెవర్నో చెప్పుకో చూద్దాం!" అన్నాడు.

పది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు దగ్గర చిట్టి నోరు తెరిచింది.

"ఇది మొసలి కాదు."

మూడు మాటలు, అదీ వరసగా! వంటింట్లోంచి భార్య చేతిలో గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆధారం నోటికొచ్చింది అనేశాడు.

"మొసలి ఊరెళ్ళిందమ్మా."

"ఎందుకు?"

ఆ ఇంట్లో చిట్టి 'ఎందుకు' అనడం అదే మొదటిసారి. ముగ్గురు పెద్దవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఆధారం తనకి చేతనైన పని ఒక్కటే చేశాడు. నోటుబుక్కు తెరిచి, కలం తీసి, నేలమీద కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అదే నాకూ తెలియడం లేదు. నువ్వే చెప్పాలి. మొసలి ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళింది?"

"పొద్దున."

"వెళ్ళేముందు ఏం చేసింది?"

ఒకటి, రెండు, మూడు... తొమ్మిది.

"అమ్మ తాళంచెవి మింగేసింది."

"మింగాక?"

"పొట్టలో గలగల. నడిస్తే గలగల. అందుకని ఆస్పత్రికెళ్ళింది. అమ్మ ఫొటో తీసింది."

"అవునవును, నేనే తీశాను," అంది భార్య చటుక్కున పక్కన కూర్చుంటూ. "లోపల ఇంకేం కనబడిందే చిట్టీ?"

ఆ రోజు ఇస్త్రీ జరగలేదు. భోజనాలు మూడింటికి అయ్యాయి. మంచం ఆస్పత్రి అయింది, అత్తగారు నర్సయింది, దువ్వెన థర్మామీటరయింది. మొసలి పొట్టలో తాళంచెవితో పాటు ఒక గొడుగూ, అమ్మమ్మ కళ్ళజోడూ బయటపడ్డాయి. ఆధారం వదిలిపెట్టలేదు. ఎక్కడ, ఎవరు చూశారు, అప్పుడు నువ్వేమన్నావు అని అడుగుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఇన్ని ప్రశ్నలకి జనం ఏడ్చేవారు. ఇక్కడ చిట్టి పకపకా నవ్వి ఇంకో అబద్ధం చెప్పింది. ఆదివారం సాయంత్రానికి నోటుబుక్కు నిండిపోయింది.

సోమవారం సాయంత్రం టీచరు ఫోను చేసింది.

"చిట్టి ఇవాళ ఇరవై నిమిషాలు మాట్లాడిందండీ!" అని, ఆవిడ జంకుతూ అడిగింది. "మావయ్యకి ఎలా ఉంది?"

అంతా తెలిసే ఆవిడ దెప్పుతోందనుకున్నాడు ఆధారం. "కోలుకుంటున్నాడండీ. డాక్టర్లు ఇంకా పంపలేదు."

"తొందరేం లేదండీ, నిదానంగానే రానివ్వండి!" అని ఆవిడ గబుక్కున పెట్టేసింది.

మర్నాడు చిట్టి చేతికి ఇరవైరెండు బొమ్మలిచ్చి పంపారు. మావయ్య త్వరగా నయమై రావాలని పిల్లలంతా తలొకటీ గీశారట. వాటిని చూసి ఆధారం ఇక ఆగలేకపోయాడు. బుధవారం ఉదయం అత్తగారి మొసలిని సంచీలో వేసుకున్నాడు. ఆఫీసు పక్కనున్న దర్జీకిచ్చి, నలుగురికీ చూపించేలా పళ్ళు కుట్టించాలని అతని ఆలోచన.

అతను అటు వెళ్ళగానే కింది వాటాలో ఉండే ఇంటావిడకి ఫోనొచ్చింది. చేసింది చిట్టితో చదివే ఒక పిల్లాడి తల్లి. "మీ పైవాటాలో మొసలుందటగా! తాళాలు మింగుతోందట!" ఇంటావిడ ఉన్నపళాన పైకెళ్ళి అత్తగారిని నిలదీసింది.

"మీ ఇంట్లో మొసలుందా?"

"ఉందిగా. మొన్నే పొట్ట కుట్టాను."

"ఇప్పుడెక్కడుంది?"

"అల్లుడుగారు సంచీలో వేసుకుని ఆఫీసుకి తీసుకెళ్ళారు. పళ్ళు పెట్టించాలట."

ఇంటావిడ మెట్లన్నీ రెండేసి చొప్పున దిగింది.

పదకొండింటికి బీమా ఆఫీసులోకి ముగ్గురు మనుషులొచ్చారు. జంతువుల్ని పట్టే శాఖవాళ్ళు. ఒకడి చేతిలో వల, ఒకడి చేతిలో చివర ఉచ్చు బిగించిన పొడవాటి కర్ర. వెనకున్న పెద్దాయన తిన్నగా ఆధారం బల్ల దగ్గరికొచ్చాడు.

"మీ సంచీలో మొసలుందా?"

గుట్టు రట్టయిందనుకున్న ఆధారం తల దించుకున్నాడు. "ఉంది. మీకెవరు చెప్పారు?"

"ఎంత పొడుగు?"

"మూరెడు. ఇంకా పళ్ళు లేవు."

"అయితే పిల్లే! మరి పెద్దదెక్కడ?"

ఐదు రోజులుగా అలవాటైన జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. "ఊరెళ్ళింది."

"ఊళ్ళోకి వెళ్ళింది!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, క్లెయిము కోసం వచ్చి ఎదుట కూర్చున్న పెద్దమనిషి కాయితాలు వదిలేసి పరుగందుకున్నాడు. టైపిస్టు బీరువా ఎక్కింది. గొడవేమిటని గదిలోంచి బయటికొచ్చిన మేనేజరు వలని చూసి, మాట్లాడకుండా దగ్గరున్న బల్లెక్కి నిలబడ్డాడు. ఆధారం గబగబా సంచీలోంచి ఆకుపచ్చ బీరకాయని తీసి పైకెత్తి చూపించాడు.

"గుడ్డదండీ! కర్టెను గుడ్డ! అసలు మొసలంటూ లేనే లేదు!"

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కుతూ రిపోర్టు కాయితం తీశాడు.

"లేదనడానికి ఆధారం ఏదీ?"

బీరువా మీంచి టైపిస్టు కిసుక్కుమంది. ఇక ఎవరూ ఆగలేదు. బల్లమీద మేనేజరు పొట్ట పట్టుకున్నాడు.

"బాలబడి టీచరుగారు చెబుతారు. పదండి," అన్నాడు ఆధారం. దారి పొడుగునా వ్యానులో, వలపక్కన కూర్చుని, ఒప్పుకోవాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు.

బాలబడి గుమ్మంలో వలనీ కర్రనీ చూసి టీచరు తెల్లబోయింది. ఆవిడకి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా ఆధారం మొదలుపెట్టాడు.

"నన్ను క్షమించండి టీచరుగారూ. మీ మొసలిని నేనే పోగొట్టాను. చూడకుండా సంతకం చేశాను. ఆస్పత్రీ లేదు, తాళంచెవీ లేదు, అంతా కట్టుకథ."

టీచరు మొహం ఎర్రబడింది. నెమ్మదిగా వెళ్ళి మూలనున్న బీరువా తలుపు తీసింది. పై అరలో, రంగుపెన్సిళ్ళ డబ్బా పక్కన, రెండు వరసల తెల్లటి పళ్ళతో మొసలి మావయ్య తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"సంచీలో పెట్టడం మర్చిపోయానండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "మీరు అటు వెళ్ళాక చూసుకున్నాను. సోమవారం మీకు క్షమాపణ చెబుదామనే ఉన్నాను. కానీ పొద్దున్నే మీ చిట్టి లేచి నిలబడింది. మొసలి ఆస్పత్రిలో ఉందని చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు దీన్ని బయటికెలా తీయను చెప్పండి? మీరే నా పరువు కాపాడటానికి కథ అల్లారనుకున్నాను."

ఆధారానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళు మాట్లాడుకుంటుండగానే చిట్టి బీరువా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మావయ్యా, వచ్చేశావా! గలగల పోయిందా?" మొసలిని చంకనేసుకుని తండ్రి చేతిలోని ఆకుపచ్చదాన్ని చూపించింది. "అది మావయ్య పాప. పళ్ళింకా రాలేదు. నేను చెప్తా, అందరూ కూర్చోండి."

పిల్లలు కూర్చున్నారు. టీచరు కూర్చుంది. వల పట్టుకున్నవాడు జానెడెత్తు కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. పెద్దాయన మాత్రం రిపోర్టు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. గొడుగు ఎలా మింగిందో చెప్పే చోటికి వచ్చేసరికి ఆయన కూడా కింద కూలబడి, "విప్పిన గొడుగా, ముడిచిందా?" అని అడిగాడు. అందరికంటే వెనక, గోడకి జారగిలబడి కూర్చున్న ఆధారం ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కళ్ళు తుడుచుకోవడానికే అతనికి సరిపోయింది.

సరిగ్గా నెల తిరిగేసరికి బాలబడి నుంచి చిట్టి తల్లిదండ్రులకి ఒక ఉత్తరం వచ్చింది: "పాపని మాట్లాడించడానికి ఇంటిల్లిపాదీ పడిన శ్రమకి కృతజ్ఞతలు, మిగతా ఇరవైరెండు మందికీ కూడా మాట్లాడే వంతు రావలసి ఉంది కాబట్టి, దయచేసి ఇక ఆపగలరు."