మా ఇంట్లో డిఫెక్టివ్ వస్తువే లేదు

ఇంట్లో ప్రతి వస్తువూ సక్రమంగా పనిచేసే ఆడవాళ్లంటే నాకు జాలి. పాపం, వాళ్లతో ఆ ఇంటికేం అవసరం?

మా ఇల్లు అలాంటిది కాదు. వాషింగ్ మెషిన్ మూతను మోచేత్తో అదిమిపెట్టి, అదే సమయంలో బటన్ నొక్కాలి. మోచెయ్యి తీశామా, అలిగి కూర్చుంటుంది. స్టవ్ నాబ్‌ను పటకారుతో తిప్పాలి. బాత్‌రూమ్ గడియ పడాలంటే తలుపును కాస్త పైకెత్తి ఊపిరి బిగబట్టాలి. ఊపిరెందుకో నాకూ తెలియదు. వదిలితే మాత్రం పడదు!

ఈ విద్యలన్నీ నాకొక్కదానికే వచ్చు. ఏ యూనివర్సిటీ ఇస్తుందండీ ఇలాంటి డిగ్రీ?

మొన్న మెకానిక్ మెషిన్ని అటూ ఇటూ ఊపి చూసి, "ఇది డిఫెక్టివ్ అమ్మా, మార్చెయ్యండి" అన్నాడు.

"నడుస్తోందిగా" అన్నారు మావారు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఎవరి మాట నిజం? నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కదా, డిక్షనరీ తీశాను. డిఫెక్టివ్ అంటే లోపం ఉన్నది, ఏదో ఒకటి తక్కువైనది. అది మనకు తెలిసిందే. అసలా మాట లాటిన్‌లో పుట్టిందట. అక్కడ దాని మూలానికి అర్థం విడిచిపెట్టి పోవడం, మధ్యలో చేతులెత్తేయడం.

హమ్మయ్య! మా మెషిన్ ఏనాడైనా మమ్మల్ని విడిచి పోయిందా? మా స్టవ్ గడప దాటిందా? ఇంతటి విశ్వాసం గల వస్తువులను డిఫెక్టివ్ అంటే కళ్లు పోవూ?

ఇంతలో అక్క ఫోన్ చేసింది. కంటి ఆపరేషన్‌ట, తోడుండమంది.

"ఎలా రానక్కా, ఇక్కడ మెషిన్..."

"పోయినసారీ నీ మెషినే అడ్డమొచ్చింది. దానికేమన్నా పాలు పట్టాలటే?"

నాకు నవ్వు రాలేదు. అక్క కూడా నవ్వడం లేదు. ఫోన్ పెట్టేసి బ్యాగు సర్దాను.

మావారు మొదటిసారి ఫోన్‌లోంచి తలెత్తారు. "మరి మెషిన్? స్టవ్?"

"నడుస్తున్నాయిగా" అన్నాను.

ఆయన ఆలోచిస్తూ బాత్‌రూమ్‌లోకి వెళ్లారు. "ఏమేవ్, ఈ గడియ పడదేం?" అని లోపల్నుంచి వినపడింది. ఊపిరి సంగతి నేను చెప్పలేదు.

మా ఇంట్లో మొట్టమొదటి డిఫెక్టివ్ వస్తువు అప్పటికే బస్‌స్టాప్ దారి పట్టింది.