ఆకలి పెంచే రంగు

దిల్‌సుఖ్‌నగర్ మిఠాయి దుకాణాల పెద్దమనుషులారా, తప్పు మీదే. ఇరవై ఏండ్లు అండాలమ్మ చేతి సకినాలు తెప్పించుకుని, సంచుల మీద మీ పేరు అచ్చేసుకుని అమ్మారు. నల్లగొండ నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికుంటూ, పిండి తడిపి, వేళ్లు నొప్పిపుట్టేదాకా చుట్లు చుట్టింది ఆమె. పేరు మాత్రం మీది. ఆ కోపంతోనే, రెండువేల పదిలో జనమంతా ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కిన రోజుల్లో, అండాలమ్మ ఎల్బీనగర్‌లో సొంత దుకాణం పెట్టింది.

దానికి బ్రాండు కట్టినవాడు పక్కింటి వినయ్. కంప్యూటర్ మీద బొమ్మలు గీసే కోర్సు కోసం భీమవరం నుంచి వచ్చి నెల కాలేదు. చుట్టులో చుట్టుగా సకినం గీసి, కింద 'అండాలమ్మ సకినాలు' అని రాశాడు.

"రంగు ఒకటే ఉండాలి ఆంటీ. బోర్డు, సంచి, టెంటు, అన్నీ గులాబీయే. ఆకలి పెంచే రంగండి."

"గులాబీ అంటే మన రంగే గద బిడ్డా. కానియ్."

అది ఉద్యమం రంగని ఆమెకు తెలుసు. అతనికి తెలియదు.

దుకాణం తెరిచే రోజు పొద్దున తొమ్మిదింటికల్లా ముందు గులాబీ టెంటు లేచింది. కింద జంపఖానా, దాని మీద తెల్ల దుప్పటి, పక్కన మైకు. మొదట వచ్చిన ఐదుగురికి పూలదండ వేసి పొట్లం ఇవ్వాలని వినయ్ ప్లాను.

పదింటికి సరిగ్గా ఐదుగురొచ్చారు. చెప్పులు విడిచి దుప్పటి మీద కూర్చున్నారు. అండాలమ్మ మురిసిపోయి ఐదు మెడల్లో దండలేసి, సకినాల పళ్లెం ముందు పెట్టింది. ఎవరూ ముట్టలేదు.

"జర రుచి చూడున్రి."

"వద్దమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దాయన, పళ్లెం వైపు చూడకుండా. "పొద్దుమీకేదాక ఏం ముట్టం."

అండాలమ్మ ముఖం మాడిపోయింది. "వాము ఎక్కువైందా ఏంది?" అని వినయ్‌ని అడిగి, లోపలికి పోయి ఇంకో వాయి తీసింది. కమ్మటి వాసన టెంటు నిండా కమ్ముకుంది. ఐదుగురూ కళ్లు మూసుకున్నారు.

పదకొండుకు ఉద్యమ జేఏసీ నాయకుడు మహిపాల్ బండి మీద వచ్చాడు. అప్పుడు తెలిసింది సంగతి. రిలే నిరాహార దీక్ష శిబిరం రెండు సందుల అవతల. అక్కడ టెంటు ఇంకా వేయనేలేదు. గులాబీ టెంటు చూసి ఆనాటి ఐదుగురూ ఇక్కడ కూర్చున్నారు. లేపుదామంటే మెడలో దండ పడింది. దండ పడ్డాక దీక్ష మొదలైనట్టే, సాయంత్రం ఐదుకు నిమ్మరసం తాగేదాకా లేవకూడదు. మహిపాల్ వెనుకే రెండు వందల మంది నినాదాలిస్తూ వచ్చి కూర్చున్నారు. దీక్షలో ఉన్నోళ్ల ముందు ఎవరు తింటారు? ఒక్క పొట్లం కదలలేదు.

"అక్కా, టీవీ వాళ్లొస్తున్నరు," అన్నాడు మహిపాల్. "దీక్ష నెత్తిమీద తిండి బోర్డు చూస్తే నవ్వుతరు. జర గుడ్డ కప్పుదాం."

అండాలమ్మ పోయి బోర్డు కింద నిలబడింది.

"ఇరవై ఏండ్లు నా పని మీద ఇంకొకని పేరుండె తమ్మీ. ఇయ్యాల నా పేరెక్కింది. దాని మీద గుడ్డ కప్పి తెచ్చే రాష్ట్రం నాకెందుకు?"

ఆమె మిగిలిన దండొకటి తన మెడలో తానే వేసుకుని ఆరో మనిషిగా కూర్చుంది.

"నేను గూడ ముట్ట. బోర్డు మాత్రం కనబడాలె."

"ఆంటీ, మరి వ్యాపారం?" అన్నాడు వినయ్ బిక్కమొహం వేసుకుని.

"పొయ్యి ఆర్పకు బిడ్డా."

ఆరుగురి తలల మీదుగా ఆ బోర్డు రాష్ట్రమంతా టీవీల్లో కనబడింది.

ఐదైంది. నిమ్మరసం గుక్కలో అయిపోయింది. ఆ వెంటనే, పొద్దంతా వాసన పీల్చిన రెండు వందల మంది ఒక్కసారే లేచారు. అరగంటలో డబ్బాలన్నీ ఖాళీ, గల్లాపెట్టె నిండింది.

"ఎవరు చేసిన్రమ్మా గివి?" అన్నాడు పెద్దాయన నోటి నిండా సకినంతో.

"తలెత్తి చదువు," అంది అండాలమ్మ.

మర్నాడు దీక్షకు పేర్లిస్తామని అరవై మంది వచ్చారు. శిబిరం ఇక అక్కడి నుంచి కదలలేదు. మూడో రోజు మహిపాల్ టెంటు గుంజకు కాగితం అంటించాడు: "దీక్షలో కూసునేటోళ్లు పొద్దుగాల పదింటికే రావాలె. సాయంత్రం నాలుగున్నరకు వచ్చుడు తక్షణం బంద్ చేయాలె."