బిషప్ గారి పందెం

ఆ ఉదయం వెర్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడి నూడుల్స్ గిన్నెను కరెంటు సైకిల్ బుట్టలో పెట్టుకుని, ఈమధ్యే కవలల్ని కన్న తన కూతురు రోడా ఇంటికి వెళ్లి, మనవల్ని కాసేపు ఎత్తుకుని రావడం. గుర్రబ్బండేమో మొగుడు రోమన్‌కు వడ్రంగం పనికి కావాలి. ఆమె మోకాళ్లా, అంత దూరం నడవనివ్వవు. సైకిలే దిక్కు.

ఆ దిక్కు ఉంటుందో ఊడుతుందో ఆదివారం తేలుతుంది. ఇలాంటి సైకిళ్లను ఉంచాలా తీసెయ్యాలా అన్నది, కార్లు వద్దనుకుని గుర్రబ్బళ్లతోనే బతికే మా క్రైస్తవ సంఘం ఆ రోజే నిర్ణయిస్తుంది. వేగం మనిషికి గర్వం తెస్తుందని బిషప్ అట్లీ గారు ముందే అనేశారు.

"దారిలో ఆయన కనిపిస్తే మెల్లగా పో," అన్నాడు రోమన్.

"నత్తలా పోతాలే. నువ్వు ముందు గడ్డంలో ఆ గుడ్డు ముక్క తీసుకో."

కనిపించనే కనిపించారు. ఎత్తు ఎక్కుతూ ఆయన నల్ల బగ్గీ. వెర్నా సైకిల్ మీద వెనకాలే నత్తనడకన సాగింది. సైకిల్ తూలుతుంటే ఆయనే అద్దంలో చూసి జాలిపడి, ముందుకు పొమ్మని చెయ్యి ఊపారు. ఆమె తలవంచుకుని, వినయంగా దాటింది.

అదే కొంప ముంచింది. బిషప్ గారి గుర్రం కమెట్ పందేల మైదానంలో పరిగెత్తి, వయసు మళ్లాక మావాళ్ల చేతికొచ్చిన రకం. తనను ఎవరూ దాటకూడదన్న ఒక్క సంగతి మాత్రం అది మర్చిపోలేదు. చెవులు నిక్కబొడుచుకుని పరుగు లంకించుకుంది.

బిషప్ గారు గుర్రాన్ని ఆగమని అరుస్తున్నారు. గాలికి మాటలు సరిగా వినపడక, దారికి అడ్డం ఉన్నానని తిడుతున్నారనుకుంది వెర్నా. పాపం, త్వరగా తప్పుకుందామని మీట పూర్తిగా తిప్పింది. ఆమె ఎంత తప్పుకుంటే కమెట్ అంత తరుముకొచ్చింది.

జున్ను దుకాణం ముందు బస్సు దిగుతున్న యాత్రికులు ఇదేదో పందెమనుకున్నారు. "తాతా, వదలకు!" అని చప్పట్లు కొట్టి, మళ్లీ బస్సెక్కి వెంటపడ్డారు. బిషప్ గారి టోపీ ఎగిరిపోయింది. గిన్నె మూత లేచి, నూడుల్స్ గాల్లో తేలి ఆయన గడ్డంలో చిక్కుకున్నాయి.

రోడా గేటు దగ్గర కమెట్ మెడంత దూరంతో గెలిచి, దానంతటదే ఆగింది. యాత్రికులు ఫోన్లు పైకెత్తేసరికి మెడ చాపి పక్కకు తిరిగి నిలబడింది. మా నియమం ప్రకారం పుట్టాక ఒక్క ఫోటో తీయించుకోని బిషప్ గారు ముఖానికి దుప్పటి కప్పుకున్నారు.

"పదవే తల్లీ, పరువు తీశావు," అన్నారు గుర్రంతో, దుప్పటిలోంచి. చివరి ఫోను దిగేదాకా అది కదల్లేదు.

"సైకిల్ పోయినట్టే," అని వెర్నా మనవల్ని గుండెకు హత్తుకుని నిజంగానే ఏడ్చింది.

ఆదివారం బిషప్ గారు లేచారు.

"వేగం గర్వం తెస్తుందన్నాను. కళ్లారా చూశాను. కానీ బ్రేకు వేస్తే సైకిల్ ఆగింది. ఫోటోలకు మెడ చాపింది అది కాదు."

సైకిళ్లు ఉండొచ్చన్నారు. తప్పు చేస్తే మాలో ఎవరికైనా పడే శిక్షే కమెట్‌కూ పడింది: ఆరు వారాలు వెలి, బండికి కట్టకూడదు.

ప్రార్థన ముగిశాక ఆయన మెల్లగా వెర్నా పక్కకు చేరారు. "ఈ ఆరు వారాలూ నేనెలా తిరగాలమ్మా? నీ సైకిల్ సీటు కాస్త పైకి లేస్తుందా?"

లేస్తుందని చెప్పి, వెర్నా ఆయనకు బ్రేకు ఎక్కడుందో రెండుసార్లు చూపించింది.