తెల్లవి రెండు లేపెయ్

ఆ ఆదివారం నజారియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బస్సెక్కి కుస్కో పట్నం వెళ్ళాలి. ప్రాచీన కళల మ్యూజియంలో ఉన్న పాత శాలువా చూడాలి. దాని అంచులోని ‘చెరువు కన్ను’ నమూనా పోగులు లెక్కపెట్టుకుని మూడు గంటల బస్సుకి తిరిగొచ్చెయ్యాలి. ఆ నమూనా వాళ్ళమ్మతోనే పోయింది. మనవరాలి పెళ్ళికి నేస్తున్న దుప్పటి సరిగ్గా అక్కడే ఆగి, నెల రోజులుగా మగ్గం మీద ఎదురుచూస్తోంది. తోడుగా కోడలు హెర్మెలిండా బయల్దేరింది, వీపున మొక్కజొన్న కండెల మూటతో.

మ్యూజియం కాపలాదారు ఎపిఫానియో ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులైంది. చేరిన రోజే డైరెక్టరు ఒలార్టేగారు, “ఎవర్నీ నమ్మకు,” అని చెప్పింది. మర్నాడు అతను ఆవిడనే గుర్తింపు కార్డు అడిగాడు. అలాంటి మనిషికి, గాజు పెట్టెకి ముక్కు ఆనించి గుసగుసలాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కనబడ్డారు. స్తంభం చాటున చేరి చెవులు రిక్కించాడు.

“ఎర్రవి నాలుగు వదిలెయ్,” అంటోంది అత్త.

“వదిలేశా. తర్వాత?”

“తెల్లవి రెండు లేపెయ్. ముందువైపే కదా చూసేది అనుకోకు, వెనకనుంచి కూడా చూస్తారు. శుభ్రంగా లేపాలి.”

ఎపిఫానియో గబగబా చుట్టూ చూశాడు. ఆ గదిలో తెల్లటి మట్టి కూజాలు సరిగ్గా రెండే ఉన్నాయి.

“కదలొద్దు! మూటలో ఏముంది?”

“మొక్కజొన్న కండెలు నాయనా. ఒకటి తింటావా?”

“ఆ నడుముకి దోపుకున్నదేంటి?”

అది నజారియా నేత ఎముక. ఒంటె జాతి పెంపుడు జంతువు లామా కాలి ఎముకని మొన తేలేలా అరగదీసి, పోగుల్ని కొట్టి బిగించడానికి వాడతారు. అది లేకుండా నజారియా గడప దాటదు. ఎపిఫానియో ఆ ఎముకని చూశాడు. పక్క గాజు పెట్టెని చూశాడు. ‘వెయ్యేళ్ళ నాటి నేత ఎముక’ అని అందులో చీటీ ఉంది. ఎముక లేదు.

“తలుపులు మూసెయ్యండి!” అని ఒక్క కేక పెట్టాడు.

లోపలున్న పదిహేడు మంది సంచులూ జేబులూ బోర్లించారు. ఒక కొత్త పెళ్ళికొడుకు పర్సులోంచి పాత ప్రేయసి ఫోటో జారిపడి, అక్కడ వేరే గొడవ మొదలైంది. దాన్ని దాటుకుని ఒలార్టేగారు పరుగున వచ్చింది.

“ఇది నాదేనమ్మా,” అంది నజారియా. “నాలుగేళ్ళ కింద మా వియ్యంకుడింట్లో పండక్కి కోసిన లామాది.”

“మా నాన్న కోసిందేనండీ. అందరం తిన్నాం,” అంది హెర్మెలిండా.

“వెయ్యేళ్ళ వస్తువుని తిన్నామంటున్నారు చూడండి మేడమ్!” అన్నాడు ఎపిఫానియో.

ఎముక మీద మ్యూజియం నంబరు కనబడలేదు. దొంగలే చెరిపేసి ఉంటారని ఒలార్టేగారు తేల్చేసింది. నల్ల సిరాతో 214 అని తన చేత్తోనే వేసి, పెట్టెలో పెట్టి తాళం బిగించింది. పోలీసు వచ్చేదాకా అత్తాకోడళ్ళని శాలువా ఎదురుగా బల్లమీద కూర్చోబెట్టారు. గంటన్నర. నజారియాకి వేరే పనేముంది? మొదటి పోగు నుంచి చివరి పోగుదాకా లెక్కపెట్టుకుంది.

పోలీసు వచ్చేసరికి, వెనక గదిలోంచి శుభ్రం చేసే ఉద్యోగి పళ్ళెంలో ఇంకో ఎముక పట్టుకుని వచ్చాడు. “214 తుడిచేశానండీ. నంబరు చెరిగిపోతే మళ్ళీ కొత్తగా వేశా.”

ఒలార్టేగారు పెట్టెలోని ఎముకని కూడా తీసి అదే పళ్ళెంలో పెట్టింది, పోల్చి చూద్దామని. సాయం చెయ్యబోయిన ఎపిఫానియో చేతి ఊపుకి పళ్ళెం కింద పడింది. రెండూ దొర్లి దొర్లి పక్కపక్కనే ఆగాయి. ఒకటే పొడుగు, ఒకటే రంగు, ఒకటే నంబరు. ఆవిడ భూతద్దం పెట్టి చూసింది, చివరికి వాసన కూడా చూసింది. లాభం లేకపోయింది.

“మీదేదో మీరే చెప్పండి,” అంది గొంతు తగ్గించి.

“ఇది,” అని నజారియా చటుక్కున కుడివైపుది చూపించింది.

ఎపిఫానియో డైరెక్టరుని పక్కకి లాగాడు. “మేడమ్, అంత తొందరగా చూపించిందంటే ఖరీదైంది అదేనన్నమాట. రెండోది ఇచ్చి పంపెయ్యండి.”

ఒలార్టేగారు అతని వంక మెచ్చుకోలుగా చూసింది.

“అయ్యో, అది నాది కాదమ్మా!” అంది నజారియా, రెండోది చేతిలో పెట్టగానే.

“మాకన్నీ తెలుసు పెద్దమ్మా,” అంటూ ఆవిడ రసీదు రాసి, ముద్ర కొట్టి, పోలీసు చేత సాక్షి సంతకం కూడా పెట్టించింది. మూడు గంటలవడానికి ఇంకా పది నిమిషాలే ఉంది.

బస్సు కదిలాక హెర్మెలిండా ఊపిరి పీల్చుకుంది. “రేపొచ్చి తిరిగిచ్చేద్దామా అత్తా?”

“నాది కాదని చెప్పినందుకే దొంగని చూసినట్టు చూశారు. మళ్ళీ వెళ్ళి చెప్తే జైల్లో పెడతారే.” నజారియా ఎముకని బొటనవేలితో నిమిరింది. “ఎవరు అరగదీశారో గాని, మహాతల్లి, నాకంటే బాగా అరగదీసింది.”

పెళ్ళి నాటికి దుప్పటి పూర్తయింది. చెరువు కన్నులో ఒక్క పోగు తప్పలేదు.

మ్యూజియంలో వియ్యంకుడింటి లామా కాలికి ఇప్పుడు రెండు తాళాలు, ఒక ప్రత్యేక కాపలాదారు.