గొంతు కోసం ప్రార్థన

గురువారం పొద్దున్నే టైలరక్క రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, ఆదివారం ప్రారంభం కాబోయే సంఘం కొత్త హాలుకి కుడుతున్న తెర అంచు పూర్తిచేయడం. రెండోది, ప్రార్థన గొలుసు కదిలించడం. మొదటిది చేతిపని, రెండోది నోటిపని. ఆమె రెంటిలోనూ ఆరితేరిన మనిషే.

గొలుసు అంటే పెద్ద విషయమేమీ కాదు. ఆ వారం ఎవరి కోసం ప్రార్థన చేయాలో ప్రతి గురువారం టైలరక్క ఫోన్లో ఒకరికి చెబుతుంది, ఆవిడ ఇంకొకరికి చెబుతుంది, అలా సంఘంలోని ఆడవాళ్ళందరి మీదుగా వెళ్ళి మధ్యాహ్నానికి పాస్టరమ్మ చెవిన పడుతుంది. ఎవరి కోసం ప్రార్థనో వాళ్ళని మాత్రం ఆ వారానికి గొలుసులోంచి తప్పిస్తారు, వాళ్ళు మొహమాటపడకుండా. రాసి పంపితే ప్రార్థనలో ప్రాణం ఉండదని పాస్టరమ్మ నమ్మకం. నోటిమాటగా వెళితే ప్రాణంతోపాటు కాళ్ళూ చేతులూ కూడా మొలుస్తాయని ఆవిడకి అప్పటికి తెలియదు.

ఆ పొద్దున టైలరక్క మనసు కుదురుగా లేదు. హాలు ప్రారంభంలో మొదటి పాట ఒక్కతే నిలబడి పాడేది టీచరమ్మ అని పాటల మాస్టారు కిందటి ఆదివారం ప్రకటించారు. ఆ సంఘంలో ముఖ్యమైన పాట ఏదైనా ఏళ్ళ తరబడి టైలరక్క గొంతులోంచే వచ్చింది. టీచరమ్మ నిన్న గాక మొన్న వచ్చిన మనిషి. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది, వెనక వరసలో కూర్చుంటుంది, అడిగితే తప్ప పాడదు. పాడితే మాత్రం నెత్తిమీద తిరిగే ఫ్యాను చప్పుడు కూడా ఎవరికీ వినిపించదు. అదే టైలరక్క కడుపుమంట.

ఈర్ష్య అన్న మాట తనకి వర్తిస్తుందని ఆమె చచ్చినా ఒప్పుకోదు. పాస్టరుగారు ఈర్ష్య మీద ప్రసంగం చేసినప్పుడల్లా, ఇది తగలవలసినవాళ్ళు ఇవాళ వచ్చారా లేదా అని వెనక్కి తిరిగి చూసే రకం. ఆదివారం ఇంటికి వెళ్ళాక, సంఘంలో పాతవాళ్ళకి విలువ లేకుండా పోతోందని మాత్రం భర్త దగ్గర గొణిగింది. బస్సు నడిపి నడిపి అలసిన ఆ భర్త, వేళ కాని వేళలో న్యాయం మాట్లాడి పుండు మీద కారం చల్లాడు.

"ఆ పిల్ల బాగానే పాడుతుంది కదా."

గురువారం ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెకి ఒక సంగతి గుర్తొచ్చింది. మొన్న సాధనలో టీచరమ్మ దగ్గింది. నిజంగానే దగ్గింది, టైలరక్క కళ్ళారా చూసింది. తోటి విశ్వాసి దగ్గుతుంటే ప్రార్థన చేయించడం తప్పెలా అవుతుంది? మందుల షాపు పిన్నికి ఫోను కలిపి, స్వరం కాస్త తగ్గించి చెప్పింది.

"టీచరమ్మ గొంతు కోసం ప్రార్థన చేద్దాం పిన్నీ. పాపం, ఆ పిల్ల ఎవరితోనూ చెప్పుకోదు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. టైలరక్క ఆ మాటని తిరగేసి మరగేసి చూసుకుంది, కుట్టు ఎక్కడా పైకి కనిపించలేదు. ఆదివారం లోపు ఎవరో ఒకరు, ఆ పిల్లకెందుకు శ్రమ, అక్క పాడితే పోలా అంటారు. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు. తేలికపడ్డ మనసుతో మిషను ముందు కూర్చుంది.

కాసేపటికి పాల బూత్ వదిన జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చింది. వస్తూనే, టీచరమ్మ సంగతి విన్నావా, గొంతు వాచిపోయిందట, డాక్టరు మాట్లాడవద్దన్నాడట అని వాపోయింది. ఎవరు చెప్పారని టైలరక్క అడిగింది. మందుల షాపు పిన్ని చెప్పిందనీ, మందులు అమ్మే మనిషికి రోగాల సంగతి తెలియకుండా ఎలా ఉంటుందనీ వదిన ఎదురు ప్రశ్న వేసింది. అప్పుడే, 'వాపు లేదు వదినా, దగ్గు, అదీ ఒక్కసారే' అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. టైలరక్క నోరు తెరిచింది కూడా. తెరిచిన నోట్లోంచి "అయ్యో" మాత్రమే వచ్చింది. ఆ అయ్యోలో కొంచెం తీపి ఉన్నట్టు ఆమెకే తెలిసింది, గబగబా జాకెట్టు వైపు చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నం పాస్టరమ్మ ఫోను చేసేసరికి వాపు గడ్డయింది, గడ్డకి ఆపరేషను కుదిరింది. పాస్టరమ్మ గొంతు వణుకుతోంది. రేపు సంఘమంతా ఉపవాసం ఉండాలనీ, ఈ సాయంత్రమే టీచరమ్మ ఇంటికి వెళ్ళి ఓదార్చాలనీ చెప్పి, చివరగా ఒక మాట అంది.

"నువ్వు తప్పకుండా రావాలమ్మా. ఆ పిల్ల బాధ అందరికంటే ముందు నీ గుండెకే తెలిసింది."

టైలరక్క పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. వెళితే కష్టం, వెళ్ళకపోతే ఇంకా కష్టం. తెర అంచు వంకరగా పోయింది, విప్పి మళ్ళీ కుట్టింది, మళ్ళీ వంకరగానే పోయింది.

సాయంత్రం వాళ్ళు వెళ్ళేటప్పటికి టీచరమ్మ పిల్లల బొమ్మల పుస్తకాలకి అట్టలు వేస్తోంది. ఇంతమందిని ఒక్కసారి చూసి కంగారుపడి లేచింది. ఏమైందండీ అని అడగబోయింది, మందుల షాపు పిన్ని చప్పున ఆమె నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్క మాట కూడా మాట్లాడవద్దని అందరూ ఒక్కసారే అన్నారు. ఒకరు తేనె సీసా చేతిలో పెట్టారు, ఒకరు మెడకి శాలువా చుట్టారు. టీచరమ్మ ఆ శాలువా లోపలినుంచి తనకేమీ కాలేదని చెప్పింది. అలా అనే ధైర్యం అందరికీ రాదని పాల బూత్ వదిన కళ్ళు తుడుచుకుంది.

ఇదంతా వింటున్న టీచరమ్మ అత్తగారు మెల్లగా కుర్చీలో కూలబడింది. ఆపరేషను సంగతి ఇంట్లో దాస్తావా, నేను పరాయిదాన్నా అని కోడలిని పట్టుకుని ఏడ్చింది. కోడలు కాదంది. అత్తగారు నమ్మలేదు. కోడలు గట్టిగా కాదంది. పాస్టరమ్మ వారించింది. చివరికి ఎప్పుడూ పల్లెత్తు మాట అనని టీచరమ్మ, వినండీ అని అరిచింది. ఆ అరుపులో గొంతు జీరబోయింది. గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు.

ఆ వచ్చినవాళ్ళలో టీచరమ్మ పనిచేసే బడి ప్రిన్సిపాలమ్మ కూడా ఉంది. ఆవిడా గొలుసులో మనిషే. టీచరమ్మ భుజం తట్టి, రేపటినుంచి బడికి రావద్దనీ, ఆమె క్లాసుకి వేరే అమ్మాయిని చూశాననీ, ఈ నెలాఖరుకి పర్మనెంటు చేద్దామనుకున్న ఉద్యోగం గురించి ఆరోగ్యం కుదుటపడ్డాక ఆలోచిద్దామనీ ఎంతో ప్రేమగా చెప్పింది. టీచరమ్మ ముఖం పాలిపోయింది. గోడకి ఆనుకుని నిలబడిన టైలరక్క అదంతా వింది. ఆమె అడిగింది ఒక పాట. పోతోంది ఒక ఉద్యోగం.

ఇప్పుడైనా చెప్పేయాలని ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. అడుగు వేసినందుకు పాస్టరమ్మ సంతోషించి, నువ్వే ప్రార్థన చెయ్యమ్మా అంది. అందరూ తలలు వంచారు. ప్రార్థనలో మాటలకి ఎన్నడూ తడుముకోని టైలరక్క, ప్రభువా అని ఆగిపోయింది. ఆ తర్వాత ఈ సహోదరి గొంతుని నీ చేత్తో ముట్టమని అడిగింది. ఆ గొంతుకి ఏమీ కాలేదని వింటున్నవాడికి శుభ్రంగా తెలుసునన్న సంగతి గుర్తొచ్చి ఆమె ఒళ్ళంతా చెమట పట్టింది. చివర్లో అందరూ ఆమేన్ అన్నారు. టీచరమ్మ కూడా, పెద్దవాళ్ళు ప్రార్థన చేస్తే అనకపోవడం మర్యాద కాదు కాబట్టి, ఆమేన్ అంది.

శుక్రవారమంతా వచ్చేపోయేవాళ్ళకి తనకేమీ కాలేదని నచ్చజెప్పి నచ్చజెప్పి శనివారానికి టీచరమ్మ గొంతు నిజంగానే పోయింది. పాటల మాస్టారు నేరుగా టైలరక్క దుకాణానికి వచ్చి, రేపటి పాట నీదేనమ్మా అన్నారు. ఆమె కావాలనుకున్నది ఆమె ఒళ్ళో పడింది. సాధనకి కూర్చుంటే మొదటి చరణం దాటలేదు. ఆ రోజు సెలవు మీద ఇంట్లో ఉన్న భర్త, దగ్గు నీకు కూడా అంటుకుందా అని అడిగాడు. 

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ దుకాణం మెట్లెక్కింది. స్టూలు మీద కూర్చుని, గుసగుసగా మాట్లాడింది.

"మూడో చరణం మధ్యలో ఊపిరి తీసుకోవద్దక్కా, విరిగిపోతుంది. నాకెప్పుడూ అందలేదు, మీకైతే అందుతుంది. వెనకాల కూర్చుని మీరు పాడేది చూసే నేర్చుకున్నాను."

టైలరక్క చేతిలో కత్తెర ఉంది, కత్తిరించడానికి బట్ట లేదు. బడినుంచి ఏమైనా కబురు వచ్చిందా అని అడిగింది. కొత్త అమ్మాయి వచ్చేసిందని టీచరమ్మ చెప్పింది. లేచేటప్పుడు అంది.

"ఈ జబ్బు మాట ముందు మీ చెవిన ఎవరు వేశారో తెలీదక్కా. ఎవరైనా ప్రేమకొద్దే చేసుంటారు. అందుకే కోపం తెచ్చుకోలేకపోతున్నాను."

ఆమె వెళ్ళాక టైలరక్క దుకాణం తలుపు లోపలినుంచి వేసుకుని ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు తిట్టవచ్చు, తిట్టుకున్నాక సగం తప్పు అవతలివాళ్ళ మీద వేయవచ్చు. ప్రేమ అన్నాక ఇక దాక్కునే చోటు లేదు. ఇన్నేళ్ళుగా వెనక్కి తిరిగి చూసి వెతికిన మనిషి తానేనని ఆమెకి సిగ్గుతో తెలిసివచ్చింది. అక్కడే, గుడ్డపీలికల మధ్య మోకరించి, ఆ పిల్ల గొంతు కోసం ప్రార్థన చేసింది. ఈసారి అడగడానికి నిజంగానే అవసరం ఉంది.

ఆదివారం కొత్త హాలు కిటకిటలాడింది. మాస్టారు స్వరం అందించారు. టైలరక్క లేచి ముందుకు వెళ్ళి నిలబడింది. మాస్టారు రెండోసారి అందించారు. ఆమె పాట ఎత్తుకోలేదు.

"టీచరమ్మకి జబ్బు లేదు. ఒక్కసారి దగ్గింది, అంతే. నాకు కుళ్ళు. ఆమె బాగా పాడుతుందని కుళ్ళుకుని, ప్రార్థన అడిగినట్టు అడిగి ఇదంతా చేశాను. క్షమించు తల్లీ."

హాలంతా గుసగుసలు లేచాయి. ఆ గుసగుసల్లో గొలుసు తానంతట తానే విడిపోవడం మొదలుపెట్టింది. తాను వాపు అన్నానే గానీ గడ్డ అనలేదని మందుల షాపు పిన్ని పక్కావిడతో గొణిగింది. గడ్డ అన్నది తానే గానీ ఆపరేషను తనది కాదని పాల బూత్ వదిన చెప్పుకుంది. ఆపరేషను ఎవరిదో తేలలేదు. పాస్టరమ్మ మాత్రం నేల వైపు చూస్తూ కూర్చుంది. ప్రిన్సిపాలమ్మ లేచి వెనక వరసకి వెళ్ళి, రేపే బడికి రమ్మనీ, ఉద్యోగం సంగతిలో మార్పేమీ లేదనీ చెప్పింది.

టీచరమ్మ తలెత్తి సూటిగా చూసింది. ఆమె కళ్ళలో ఈసారి కోపం కనిపించింది, దాన్ని చూసి టైలరక్క తల మరింత వంచుకుంది. ఆ తర్వాత టీచరమ్మ బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి, బొంగురు గొంతుతో, వచ్చి కూర్చోండక్కా అంది. టైలరక్క వెనక వరస దాకా నడిచింది. తన జీవితంలో అంత దూరం నడిచినట్టు ఆమెకి గుర్తు లేదు.

కూర్చున్నాక గుండె తేలికైంది. చుట్టూ ముక్కులు చీదుతున్న చప్పుడు వినిపించింది. ఇంతలో సంఘ పెద్దలందరిలోకీ పెద్దవాడు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

"పాత హాలు నా హయాంలో కట్టింది. ఇది దానికంటే పెద్దదవుతుందని ఓర్వలేక, స్లాబు వేసే రోజున వాన పడాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. పడింది."

అని వెక్కి వెక్కి ఏడ్చాడు. హాలంతా ఏడ్చింది, మధ్యలో నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. పాస్టరుగారు దిగివచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. అందరిముందూ తప్పు ఒప్పుకుంటూ చెప్పిన ఇంత గొప్ప సాక్ష్యం ఈ సంఘంలో ఇంతవరకూ వినలేదని పాల బూత్ వదిన అంది. టైలరక్క వైపు ఇప్పుడు ఎవరూ చూడటం లేదు.

ఆమెకి ఛాతీలో ఎక్కడో సన్నగా చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకి బాగా పరిచయం. తన సాక్ష్యం చల్లారనైనా లేదు, ఆయన వెంటనే లేవాలా అన్న మాట మనసు అంచుదాకా వచ్చింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మూసుకుని, ప్రభువా మళ్ళీ వచ్చింది అని నిజం చెప్పేసింది. పాటల మాస్టారు ఇక లాభం లేదని గ్రహించి, ఈ పాట అందరం కలిసి పాడదామన్నారు. శ్రుతి ఒక వైపు, హాలు ఒక వైపు వెళ్ళాయి. పక్కన టీచరమ్మ గొంతు లేకుండానే పెదాలు కదిపింది, మూడో చరణంలో ఊపిరి తీసుకోవద్దని మోచేత్తో గుర్తుచేసింది. పెద్దాయన సాక్ష్యం తనదానికంటే చాలా బాగుందని టైలరక్క మనస్ఫూర్తిగా ఒప్పుకుంది, దానికి ఆమెకి మూడు చరణాలు పట్టింది.