ఆక్సిజన్ కుర్చీ

పాలకొల్లు కాలువ మీద మంచు ఇంకా విడలేదు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే జోగేశ్వరరావు గట్టున నిలబడి కలగంటున్నాడు. తన ఒంట్లోనూ, ఎదురుగా ఈదుతున్న బాతుల ఒంట్లోనూ ప్రతి కణంలో కంటికి కనబడని చక్రాలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. ఎంత అందం! ఆ అందం గురించి చెబితేనే పిల్లలు నిద్రపోతారు. ఈ రోజు పాఠం చూడ్డానికి వస్తున్న కరస్పాండెంట్ సత్తిరాజు గారి ఎదుట కూడా నిద్రపోతే ఉద్యోగం పర్మనెంటు కావడం అటుంచి, ఉన్నదే ఊడుతుంది.

అందుకే ఉపాయం పన్నాడు. పిల్లలు వరుసగా నిలబడి, హర్షిత ఇంటినుంచి తెచ్చిన పూతరేకులు చేతులు మారుస్తారు. అవి మనం తిన్న అన్నంలోంచి వచ్చే ఎలక్ట్రాన్లు. తన చేతిలోది పక్కవాడికి అందించిన ప్రతివాడూ మగ్గుడు నీళ్ళు పైనున్న తొట్టిలో పోస్తాడు. అవి ప్రోటాన్లు. తొట్టి కుళాయిలోంచి నీళ్ళు దూకితే కింద రేకు చక్రం తిరుగుతుంది. కణంలో అలాంటి చక్రమే తిరిగి, శక్తి దాచుకునే ఏటీపీని తయారుచేస్తుంది. వరుస చివర కుర్చీ మీద బుట్ట ఉంటుంది. అది ఆక్సిజన్. ఎలక్ట్రాన్లు చివరికి దానికే చేరాలి.

సత్తిరాజు గారు అందరికంటే ముందే క్లాసుకొచ్చి, బుట్ట తీసి కింద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

వరుస చివరనున్న హర్షితది ఆత్రేయపురం. పెద్దాయన ఎదురుగా ఉండగా పూతరేకు బుట్టలో పడేసే పెంపకం కాదు. "తీసుకోండి సార్" అని చేతిలో పెట్టింది. ఆయన తినేశారు. చక్రం తిరిగింది.

"బావుందయ్యా మీ పాఠం!" అన్నారాయన, రెండోది అందుకుంటూ.

ఆయనకు షుగరని జోగేశ్వరరావుకు తెలుసు. ఆపితే ఉద్యోగం పోతుంది, ఆపకపోతే ఆయన ఒళ్ళు చెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా చక్రం పొద్దున్న కలలోలాగే తిరుగుతోంది, చూపు మరలడం లేదు.

నాలుగైదు లోపలికి వెళ్ళాక సత్తిరాజు గారే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంక చాలమ్మా."

"మా అమ్మ చేసిందండి. ఇంకొక్కటి!"

కాదంటే వాళ్ళమ్మను చిన్నబుచ్చినట్టే. తిన్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య, కాలేజీ సెక్రటరీ నాగరత్నం గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏంటండీ ఇది? ఇంకొకటి ముట్టుకున్నారంటే చూడండి!"

సత్తిరాజు గారి చెయ్యి వెనక్కి పోయింది. హర్షిత చేతిలోది అక్కడే ఆగింది, ఆమె వెనకవాడిదీ ఆగింది. చూస్తుండగానే అందరి చేతులూ నిండిపోయాయి. మగ్గు ముట్టేవాడు లేడు. తొట్టి ఖాళీ అయి చక్రం నిలిచిపోయింది. జోగేశ్వరరావుకు ఏడుపొచ్చింది.

వరుస మొదట్లో ఉన్న గణేష్‌బాబు ఏడాదంతా క్లాసులో నిద్రపోయినవాడు. పూతరేకు పట్టుకునే కేక పెట్టాడు. "ఆయ్, అర్థమైపోయిందండి! చివర్న తీసుకునే ఆక్సిజన్ లేకపోతే ఇక్కడిదాకా మొత్తం ఆగిపోద్దండి! అందుకేనండి ఊపిరాడకపోతే పోతాం!"

"అవునండి!" అంది క్లాసంతా.

నాగరత్నం గారు నిలిచిపోయిన చక్రాన్ని కాసేపు చూశారు. "ఈయన్ని పర్మనెంటు చేసేయండి" అన్నారు భర్తతో. "ముందు మీరు లేవండి. పిల్లల చక్రం ఆగకూడదు." ఆయన్ని లేపి, ఆ కుర్చీలో తాను కూర్చుని హర్షిత వైపు చెయ్యి చాపారు.

చక్రం మళ్ళీ తిరిగింది. జోగేశ్వరరావు పర్మనెంటయ్యాడు, సత్తిరాజు గారు నీళ్ళ మగ్గు దగ్గరకు బదిలీ అయ్యారు.